గృహవినోదములు : “ఇప్పుడు నీవేమి చేయుదువు?”



సంక్రాంతికిని రథసప్తమికిని మన శ్రీకాకుళసీమలోని యిండ్లు బంధువులతో నిండుట మీరెఱిగినదే. అరసవల్లిలో మాఘశుద్ధ సప్తమికి ముందటి రాత్రి ప్రతిగృహమును సత్రమువలె నుండును. సూర్యనారాయణస్వామివారి నిజరూపదర్శనమునకై విశాఖపట్టణమునుండి కొందఱు, హైదరాబాదునుండి కొందఱు, బ్రతుకుదెరువునకై దూరరాష్ట్రములకు బోయినవారు మఱికొందఱు వచ్చి చేరుదురు. పెద్దలకు మాటాడుకొనుటకు రాత్రి చాలదు. పిల్లల సంగతి వేఱు. ఏడాదికొక్కమాఱు కలసికొను పినతల్లి బిడ్డలు, మేనత్త బిడ్డలు ఒక్క చాపమీదనే కూర్చుండియు, ఎవరి చేతిలోని ఫోనును వారు చూచుకొనుచుందురు. తెల్లవాఱి దర్శనమైన పిదప ఎవరి యూరికి వారు పోవుదురు. ఒకరి మనస్సులో నేమున్నదో యొకరికి దెలియదు.

ఇది చూచి మన మందఱమును ఫోనును దూషించుచున్నాము. ఆ దూషణవలన ఫోను దింపిన బిడ్డ యెవరింటనైన నున్నదేమో నేనెఱుగను. చేతిలోనిది తీసికొన్నచో దానికి బదులేదియైన నీయవలయును గదా! మన చిన్ననాటి అష్టాచెమ్మయు వామనగుంటలును ముందుంచినచో పదునాలుగేండ్ల బాలుడు పెద్దలమాటకై రెండాటలాడి లేచిపోవును. అతని దోషము లేదు. ఫోనులోని యాటలో నతడు వీరుడు. దేశములు తిరుగును, కోటలు పట్టును, చెలికాండ్రను కాపాడును. అతనికి కథ కావలయును. ఆ కథలో తన కొక పాత్రయు కావలయును. ఈ రెండును గలిగి, తెరతో నిమిత్తము లేక, నలుగురును చాపమీద గూర్చుండి యాడుకొనదగిన యాట యొకటి కలదు. పాశ్చాత్యులు దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. మనము కథయాట యనుకొందము. ఈ మాసము దానిని గూర్చి ముచ్చటించెదను.

ఆట తీరు

ఈ యాటకు ముగ్గురు మొదలు అయిదుగురు చాలుదురు. వారిలో నొకరు సూత్రధారి, తక్కినవారు పాత్రధారులు. ఒకడు పడవవాడు, ఒకతె వైద్యురాలు, మఱియొకడు సంతలు తిరుగు వర్తకుడు. ఎవరికి నచ్చిన పాత్ర వారిది. ప్రతివారును ఒక కాగితముమీద తమ పాత్ర పేరును, బాగుగా జేయగల పనులు రెండును, తనకు గల లోపమొకటియు వ్రాసికొందురు. సూత్రధారి కథ నారంభించి, యొక చిక్కు దెచ్చి నిలిపి, పాత్రధారిని జూచి యొక ప్రశ్న వేయును: “ఇప్పుడు నీవేమి చేయుదువు?” ఆట యంతయు నీ ప్రశ్నలోనే యున్నది. పాత్రధారి తాను జేయబోవు పని చెప్పును. అది నెఱవేఱునో లేదో సందేహమైనచో పాచిక వేయుదురు. పాచిక పడినదానిని బట్టి సూత్రధారి కథను ముందునకు నడుపును. ఒకరు గెలిచి యొకరోడుట లేదు. అందఱును గలసి కథను దరిజేర్చుటయే పందెము.

ఒక యుదాహరణము చెప్పెదను. పదునాఱేండ్ల పెద్దపిల్ల సూత్రధారిణి యనుకొనుడు. ఆమె యిట్లు మొదలిడును: “నాగావళికి వఱద వచ్చినది. అర్ధరాత్రము. మీరు ఏటియొడ్డున పాకలో నున్నారు. నీళ్లు గడప దాటినవి. మామ్మ మంచముమీద నున్నది. వెలుపల దూడ యఱచుచున్నది. పడవ యొక్కటియే, అందు మనుష్యులకే చోటు చాలీచాలకున్నది. ఇప్పుడు నీవేమి చేయుదువు?”

“దూడ మెడకు త్రాడు గట్టి పడవవెంట నీదించెదను, అప్పా!” అని తమ్ముడు పలుకును.

“త్రాడెక్కడిది?”

“నూతిచేద త్రాడున్నది కాదా!” అని చిన్నపిల్ల యందుకొనును.

“నుయ్యి నీటిలో మునిగినది. చీకటిలో వెదకి తేగలవా? పాచిక వేయుము.”

ఈ నాలుగు మాటలలో నా పిల్లలు ఎవరిని ముందు కాపాడవలయునో యాలోచించిరి. ఉన్న వస్తువులతో నుపాయము పన్నిరి. ఒకరి మాట కొకరు మాట కలిపిరి. వీనిలో నొక్కటియు మనము బోధింపలేదు. మీదుమిక్కిలి, మాటలన్నియు తెలుగున జరిగినవి. ఆంగ్లపాఠశాలలో జదువుచు, ఇంట “ఊఁ”, “ఆఁ” అను మాటలతో దినము గడుపు పిల్లకు గడప, కొట్టము, చేదత్రాడు, రేవు అను మాటలు నోట బలుక నవసరము కలిగినది.

ఈ యాట పుట్టుక

ఇది పరదేశపుటాట గదా యని మీరు సంకోచింపవలదు. మన దేశమున బుట్టిన చతురంగము పారసీకము మీదుగా బోయి ఐరోపాలో స్థిరపడినది. 1780 లో జర్మనీలోని బ్రన్స్‌విక్కున హెల్‌విగ్ అను పండితుడు ఆ చదరంగమును బెంచి, యుద్ధవిద్య నేర్పు నాటగా మార్చెను. 1824 లో ప్రష్యా సైన్యాధికారియగు రైస్విట్స్, గళ్లకు బదులు దేశపటముమీద నాడు యుద్ధక్రీడను ప్రకటించెను. అందు తీర్పు చెప్పుటకు మధ్యవర్తి యొకడుండెను. మన సూత్రధారికి అతడే పూర్వుడు. 1969 లో అమెరికాలో డేవిడ్ వెస్లీ యను యువకుడు, ఆటగాండ్రకు సేనల నప్పగించుటకు మాఱుగా నొక్కొక్కరికి నొక్కొక్క మనుష్యుని పాత్ర నిచ్చి చూచెను. ఆ మిత్రకూటమిలోని డేవ్ ఆర్నెసన్, గేరీ గైగాక్స్ అనునతనితో గలసి 1974 లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను నాటను వెలువరించెను. నేలమాళిగలును మహాసర్పములును అని యా పేరునకు భావము. మొదట వేయి ప్రతులు మాత్రమే యచ్చైనవి. నేడది లోకప్రసిద్ధము.

మొదట నీ యాట మగవారి సొత్తువలె నుండెడిది. 1979 లో ఆ సంస్థలో ఆటలు రచించుటకై చేరిన జీన్ వెల్స్ అచట నా పనికి గుదిరిన మొదటి స్త్రీ. 1983 లో రేవన్‌లాఫ్ట్ అను ప్రసిద్ధమైన కథను లారా హిక్‌మన్ తన భర్తతో గలసి రచించెను. చతురంగము మన యింటి యాడుబిడ్డవలె దేశాంతరము పోయి, యీనాడు మనుమరాలిని వెంటబెట్టుకొని పుట్టింటి గడపలో నిలిచినది. చుట్టఱికము గుర్తింపక తలుపు వేయుట పాడిగాదు.

మన యాటలతో పోల్చి చూడుడు

మన తల్లు లాడిన యాటలలో దీని యంశములన్నియు విడివిడిగా నున్నవి. వైకుంఠపాళిలో గొప్ప కథ యున్నది; నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు. కాని యాడువానికి స్వేచ్ఛ లేదు. గవ్వ యెక్కడికి పొమ్మన్న నక్కడికి పోవలసినదే. పైవఱకు బోయినవాడు అరుకాసురుని నోట బడినచో నది యతడు చేసిన తప్పు కాదు. పులిజూదములో మూడు పులులు, పదునైదు మేకలు. అందు దైవము లేదు, బుద్ధిబలమే కలదు. కాని కథ స్వల్పము. బొమ్మలపెండ్లిలో కథ యున్నది, పాత్రలున్నవి. ఒక చిన్నపిల్ల వియ్యపురాలై కట్నము చాలలేదని యలుగును; మఱియొకతె పెండ్లికూతురి తల్లియై బుజ్జగించును. కాని ఫలిత మందఱికిని ముందే తెలియును. పీటలమీద పెండ్లి జరుగవలసినదే.

కథయాటలో నీ మూడును గలసినవి. మొదట పాత్రధారి నిర్ణయము, పిదప పాచిక, ఆపై కథ. తాను నిర్ణయించినదానివలన కథ మాఱినదని తెలిసినప్పుడు బిడ్డ కన్నులలో నొక వెలుగు పుట్టును. పిల్లలను నిలుపునది ఆ వెలుగే. ఫోను వారి నాకర్షించుటకును కారణము అదియే. కాని ఫోనులోని దారులు ఎవరో ముందుగా వేసినవి. చేదత్రాడు తెచ్చెదనని చెప్పిన పిల్లకు, అట్టి దారి ముందు వేసియుండనిచో, ఫోను త్రాడీయలేదు. సూత్రధారి యీయగలడు.

పిల్లలను రప్పించు విధము

ఇక ముఖ్యమైన సంగతి. ఈ యాట మంచిదని చెప్పి పిలువకుడు. “బుద్ధి వికసించును, రండు” అన్నచో నెవ్వరును రారు. ఏకాదశినాడు ఉపవాసము మంచిదని పిలిచినట్లుండును. కథను నడుమ నారంభించి, ప్రశ్న వేసి, యూరకుండుడు. ప్రశ్నయే పిలుచును.

రెండవది. పదునైదేండ్లు దాటినవారికి సూత్రధారి పీట నప్పగింపుడు. 2016 నుండి వెలువడిన స్ట్రేంజర్ థింగ్స్ అను ధారావాహికలో పిల్లలు బల్లచుట్టును గూర్చుండి యాడునది యీ యాటయే. కావున కళాశాలలో జదువు మీ కుమారుడో కుమార్తెయో దీనిని మీకంటె నెక్కువగా నెఱిగి యుండవచ్చును. వారినే నేర్పుమని యడుగుడు. ఇంట నెప్పుడును నేర్చుకొనువారుగానే యుండు పిల్లలకు, ఒక్కరాత్రి నేర్పువారగుట యెంత గౌరవమో తలపోయుడు. వారు కథ నడుపునప్పుడు “అట్లు కాదు, ఇట్లు చెప్పుము” అని పెద్దలు దిద్దరాదు. దిద్దిన క్షణమున నా పీట మరల పెద్దలదగును, పిల్లలు లేచిపోదురు.

మూడవది. కథ మన నేలమీదిదై యుండవలయును. సీమసింహళములలోని సర్పములను వెదకనక్కఱలేదు. మార్చి, అక్టోబరు మాసములలో గొన్ని దినములు ఉదయకిరణములు అరసవల్లి స్వామివారి పాదములపై బడునని మన మందఱమును విన్నదే. దానినే గడువుగా బెట్టుడు: పూర్వకాలమున గొందఱు బండివాండ్రు కళింగపట్నపు రేవునుండి దీపమునకు నూనె తెచ్చుచున్నారు. ఆ కిరణము పడకమున్నే గుడి చేరవలయును. శాలిహుండము కొండ దగ్గఱ బండి యిరుసు విఱిగినది. కొండమీద నెవరిదో దివిటీ కదలుచున్నది. ఇప్పుడు నీవేమి చేయుదువు?

పెద్దపిల్లలకు బొబ్బిలి కథ నీయుడు. పాపారాయుని పాత్రయో మల్లమ్మదేవి పాత్రయో కాదు. కోటను ఫ్రెంచి సేనయు విజయనగరపు సేనయు జుట్టుముట్టినవి. రాజాములోనున్న తాండ్ర పాపారాయునకు వార్త చేర్పవలసిన సామాన్యపు దూతలు మీ పాత్రధారులు. దారులన్నియు గాపులో నున్నవి. పిల్లలు వార్త చేర్తురో లేదో పాచికకే యెఱుక. ఆట ముగిసిన పిదప “నిజముగా నేమి జరిగినది?” అని వారే యడుగుదురు. అప్పుడు చెప్పుడు: 1757 జనవరి 24 వ తేదిని కోట కూలినదని, పాపారాయుడు సమయమునకు రాలేకపోయెనని. పరీక్షకై చదివిన తేది పరీక్షతో బోవును. తాను నడచి యోడిపోయిన దారి మఱపునకు రాదు.

నాలుగవది. ఆట గంటన్నరకు మించరాదు. కథ యా రాత్రికే ముగియవలయును. రుచి దెలిసినచో వారే రెండవ కథ యడుగుదురు.

అయిదవది, నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది. మన యిండ్లలో ఆడపిల్లకు “ఇది చేయుము” అని చెప్పువారు పెక్కండ్రు. “నీవేమి చేయుదువు?” అని యడిగి, బదులు వచ్చువఱకు నోపికతో నుండువారు తక్కువ. ఆమెకు బదులు అన్నయో తండ్రియో పలుకుట మన కలవాటైనది. కావున నొక కట్టడి చేయుడు: ఎవరి వంతున వారే పలుకవలయును, ఒకరికి మాఱుగా నింకొకరు పలుకరాదు. మొదటిదినమున నా పిల్ల తలవంచుకొని యూరకుండును. తొందరపెట్టకుడు. రెండవమాఱు మెల్లగా నొక మాట పలుకును. దానివలన పడవ కదలును. తన మాటకు పడవ కదలుట చూచిన పిల్ల రేపు కళాశాల నెంచుకొనునప్పుడును, సంబంధము వచ్చినప్పుడును, తన యభిప్రాయము చెప్పుటకు నంతగా వెఱవదు. ఆట జీవితము కాదు. కాని గొంతునకు సాధన కావలయును గదా!

పాచికలకు చింతపిక్కలు

దొరలయాటలో నాలుగు ముఖముల పాచిక మొదలు ఇరువది ముఖముల పాచికవఱకు ననేకము లుండును. మనకవి యక్కఱలేదు. నాలుగు చింతపిక్కలను ఒక్కొక్కవైపున ఱాతిమీద రుద్ది తెల్లజేయుడు. నాలుగు గవ్వలైనను సరియే. ఫలితము లిట్లుండును. ఒక తెలుపు పడినచో పని కాలేదు. రెండు పడినచో పని యైనది గాని యొక నష్టము కలిగినది. మూడు పడినచో ననుకొన్నట్లే యైనది. నాలుగు పడినచో చెమ్మ, అనుకొన్నదానికంటె మేలు. ఒకటియు తెలుపు లేనిచో అష్ట; అప్పుడెవ్వరును తలపని మలుపు రావలయును. ఆ మలుపును అందఱిలో చిన్నవారు చెప్పవలయునని నియమము పెట్టినచో వేడుక హెచ్చును. కాగితముమీద వ్రాసికొన్న పనిలో నేర్పు గలవారికి రెండవమాఱు వేయు హక్కుండును.

నాలుగు పిక్కలు పదునాఱు విధములుగా బడును. రెండువైపులును సమముగా బడునని యెంచినచో, అష్టకు నొకటి, ఒక తెలుపునకు నాలుగు, రెండింటికి ఆఱు, మూడింటికి నాలుగు, చెమ్మకు నొకటి. పదవ తరగతి చదువువారిచే దీనిని లెక్క వేయింపుడు. పుస్తకములో విసుగు పుట్టించిన సంభావ్యత యిక్కడ నర్థమగును. తఱచుగా బడునది రెండు. త్రాడు దొరకును గాని లాంతరు నీటిలో బడును. ఇక చీకటిలో పడవ నడుపుట యెట్లు? కథను నడుపునది యా నష్టమే.

కొన్ని సందేహములు

ఇట్టి యాటవలన పిల్లలు కల్పననే నిజమని నమ్మి చెడరా యని యొక సోదరి యడుగవచ్చును. అమెరికాలోను 1980 తరువాత నీ భయము కలిగినది. కుమారుని బోగొట్టుకొన్న యొక తల్లి 1983 లో నీ యాటకు విరుద్ధముగా నొక సంఘమునే స్థాపించెను. ఆ తల్లి దుఃఖము నిజమైనది. కాని పిదప జరిగిన పరిశోధనలలో ఆటకును ఆత్మహత్యలకును సంబంధము కానరాలేదు. అయినను మన జాగ్రత్త మనకుండవలయును. కథలో నేదియైన భయము గొల్పినచో, ఎవరైనను చేయెత్తగానే యా ఘట్టము నాపి వేఱుదారి పట్టవలయును. ఏల యని యడుగరాదు.

దేవతల పాత్రలను పిల్లలు ధరింపవచ్చునా యని మామ్మ లడుగుదురు. వారి మనస్సు నొప్పింప బనిలేదు. పిల్లలు బండివాండ్రు, కుమ్మరులు, జాలరులు, యాత్రికులు కావచ్చును. స్వామి గుడిలోనే యుండును. గుడి చేరు దారి పిల్లలది.

చదువు చెడునా? వారమున కొక రాత్రి, గంటన్నర. పరీక్షల దినములలో మానివేయుడు.

తల్లులకు మఱియొక మాట. పిల్లలు కూర్చుండినారు గదా యని మీరు వంటయింట పకోడీలు వేయుచు నుండిపోకుడు. మీకును ఒక పాత్ర యుండవలయును. మరమరాలును బెల్లపుముక్కయు చాలును. ఎన్నో యేండ్లుగా “ఏమి వండుదువు?” అను ప్రశ్నయే విన్న మిమ్ము మీ కుమార్తె “అమ్మా, ఇప్పుడు నీవేమి చేయుదువు?” అని యడుగును. ఆ ప్రశ్నకు బదులు వెదకుటలో మీరెవరో మీ పిల్లలకు గొంత తెలియును.

2022 లో జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అను కథాసంపుటి వెలువడినది. ఇంతకుముందు చెప్పిన ప్రసిద్ధమైన యాటకై నానాజాతుల రచయితలు వ్రాసిన కథలవి. అందు కలకత్తాలో బుట్టిన రచయిత్రి మిమీ మండల్, తన వంగదేశపు నదులను అడవులను దలచుకొని శంఖభూమి యను దేశమును గల్పించి యొక కథ వ్రాసినది. ఎక్కడెక్కడి పిల్లలో నేడా నదిలో పడవ నడుపుచున్నారు. నాగావళికిని వంశధారకును ఆ భాగ్య మేల కలుగరాదు? మీ మామ్మలు చెప్పిన కథలు మీ యొద్ద నున్నవి; ఏటిరేవులు, తుపాను రాత్రులు మీకు దెలిసినవే. ఒక కాగితము తీసికొని పది పంక్తులలో నొక చిక్కు వ్రాయుడు. పరిష్కారము మాత్రము వ్రాయకుడు. అది పిల్లలు చెప్పవలసినది. మీ యింట నాడిన కథ యెట్లు ముగిసినదో తెలియజేసినచో, ఈ పుటలో దానిని గూర్చి ముచ్చటించుకొందము.